అన్నీ ఇచ్చి పిల్లల్ని ఆపిన చట్టం: డెన్మార్క్ స్వలింగ జంటల కథ

స్వలింగ జంటలకు పెళ్లితో దాదాపు సమానమైన హోదా ఇచ్చిన మొట్టమొదటి జాతీయ చట్టం చాలా చిన్నది. 1989లో డెన్మార్క్ పార్లమెంటు చేసిన ‘రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్’ చట్టంలో ఉన్నవి ఏడే సెక్షన్లు. తీరిగ్గా చదివినా పది నిమిషాలు పట్టదు. స్కాండినేవియా జనమంటే పుట్టుకతోనే విశాల హృదయులనీ, ఇలాంటి గొడవలన్నీ అక్కడ ఎప్పుడో సెటిల్ అయిపోయాయనీ మన దగ్గర ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ ఏడు సెక్షన్లూ కాస్త జాగ్రత్తగా చదివితే ఆ అభిప్రాయం నిలవదు.

మొదటి సెక్షన్ ఒక్క వాక్యం: స్త్రీ అయినా పురుషుడైనా, ఒకే లింగానికి చెందిన ఇద్దరు తమ భాగస్వామ్యాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. రెండోది అర్హతలు చెబుతుంది. ఇద్దరిలో కనీసం ఒకరు డెన్మార్క్‌లో ఉంటున్న డెన్మార్క్ పౌరులై ఉండాలి. అసలు పనంతా మూడో సెక్షన్‌ది. పెళ్లికి చట్టంలో ఏ ఫలితాలున్నాయో రిజిస్టరైన జంటకూ అవే వర్తిస్తాయి, దేశంలోని ఏ చట్టంలో ‘దంపతులు’ అని ఉన్నా అందులో వీళ్లూ ఉన్నట్టే అంటుంది. అంటే వారసత్వం, పెన్షన్, పన్నులు, భరణం, ఆస్తి పంపకం... ఒక్కో చట్టాన్నీ విడిగా సవరించే తలనొప్పి లేకుండా ఒక్క కలం పోటుతో అన్నీ వచ్చేశాయి. విడిపోయినా విడాకుల చట్టమే.

ఇక నాలుగో సెక్షన్. మూడో సెక్షన్ చేత్తో ఇచ్చినదాంట్లో కొంత ఈ సెక్షన్ వెనక్కి లాక్కుంటుంది. దత్తత చట్టంలో దంపతులకున్న నిబంధనలు వీళ్లకు చెల్లవు. పిల్లల ఉమ్మడి సంరక్షణ హక్కూ లేదు. భార్య, భర్త అని లింగాన్ని బట్టి రాసిన ప్రత్యేక నిబంధనలు వర్తించవు. అంతర్జాతీయ ఒప్పందాల్లో అవతలి దేశం ఒప్పుకుంటే తప్ప వీళ్లు దంపతులు కారు. ఇంకో సంగతి వేరే రాయాల్సిన అవసరం కూడా రాలేదు. రిజిస్ట్రేషన్ మున్సిపల్ ఆఫీసు పని కాబట్టి చర్చిలో పెళ్లి మాటే లేదు. చివరి సెక్షన్ ప్రకారం డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవులకూ గ్రీన్‌లాండ్‌కూ ఈ చట్టం వర్తించదు.

సూటిగా చెప్పాలంటే, ఇద్దరు పెద్దవాళ్ల మధ్య డబ్బుకూ ఆస్తికీ సంబంధించినవన్నీ ఇచ్చారు. పిల్లల్నీ దేవుణ్ణీ మాత్రం పక్కన పెట్టారు. ఆ రెండూ పూర్తిగా రావడానికి మరో ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. డెన్మార్క్ అందరికంటే ముందు నిలబడగలిగింది కూడా ఇలా పక్కన పెట్టడం వల్లేనని నాకనిపిస్తుంది. మొత్తం ఒకేసారి అడిగి ఉంటే 1989లో ఓట్లు పడేవి కావు.

ఎందుకంటే ఆ ఓట్లు సునాయాసంగా ఏమీ పడలేదు. అప్పుడు ప్రధాని కన్జర్వేటివ్ పార్టీకి చెందిన పౌల్ ష్లూటర్, ఆయనది మైనారిటీ ప్రభుత్వం. బిల్లు తెచ్చింది ప్రతిపక్షం. 71 మంది అనుకూలంగా, 47 మంది వ్యతిరేకంగా ఓటేశారు, ఐదుగురు ఎటూ వేయలేదు. ఈ విషయం చూడమని 1984లో వేసిన కమిషన్‌లోనే ఏకాభిప్రాయం కుదరలేదు. ఇంకో విశేషం, వ్యతిరేకించిన వాళ్లలో గే, లెస్బియన్ ఉద్యమకారులూ ఉన్నారు. 1970లలో పుట్టిన గే విమోచన సంఘాలూ, లెస్బియన్ స్త్రీవాద సంఘాలూ పెళ్లి అనే వ్యవస్థనే ప్రశ్నించాయి. మగాడి పెత్తనం కోసం కట్టిన ఇంట్లో మాకూ ఒక గది ఇవ్వమని దేబిరించడం ఎందుకని వాళ్ల వాదన. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ అదే సమయంలో ఎయిడ్స్ వచ్చింది. భాగస్వామి చనిపోతే ఉన్న ఫ్లాటు ఎవరిదన్న ప్రశ్న అప్పటిదాకా సిద్ధాంత చర్చ. ఇప్పుడది ఇంటింటి సమస్య అయింది.

డెన్మార్క్‌లో స్వలింగ జంటల్ని మొదట గుర్తించింది పెళ్లి చట్టం కాదు, పన్ను చట్టం! కలిసి జీవించిన స్వలింగ భాగస్వామి చనిపోతే, మిగిలినవాళ్లు వారసత్వపు పన్నును పరాయివాళ్ల రేటులో కాకుండా దంపతుల రేటులో కట్టేలా 1986లోనే మార్పు చేశారు. ఏ పార్టీకీ పెద్దగా అభ్యంతరం లేని చోట మొదలుపెట్టి, అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ ఎక్కడం డెన్మార్క్ పద్ధతి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మన దగ్గర ఈ విషయం మాట్లాడేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. 1980ల చివరికి డెన్మార్క్‌లో పుడుతున్న పిల్లల్లో దాదాపు సగం మంది తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండటం అక్కడ ఎవరూ తలతిప్పి చూసే సంగతి కాదు. అంటే పెళ్లికి అప్పటికే పవిత్రత కొంత తగ్గి, చట్టపరమైన సౌకర్యం అన్న అర్థం ఎక్కువైంది. సౌకర్యాన్ని ఇంకొకరికి పంచడం కష్టం కాదు. కులం, కట్నం, బంధుత్వం, ఆస్తి అన్నీ పెళ్లి చుట్టూనే తిరిగే సమాజంలో ఇదే చట్టం తెస్తే అది వేరే పోరాటం అవుతుంది.

1989 అక్టోబరు 1 ఆదివారం. కోపెన్‌హాగన్ సిటీ హాల్లో పదకొండు జంటలు సంతకాలు పెట్టాయి. మొదట పెట్టింది 74 ఏళ్ల ఆక్సెల్, 67 ఏళ్ల ఐగిల్. అప్పటికి వాళ్లు కలిసి ఉంటున్నది నలభై ఏళ్లుగా. ఇంటిపేరు ఆక్స్‌గిల్. అది ఏ తాతదీ కాదు. ఇద్దరి పేర్లలోంచి చెరో ముక్క తీసి 1950లలోనే కట్టుకున్న పేరు. చట్టం వాళ్లను ఒక కుటుంబం అనడానికి ముప్పై ఏళ్ల ముందే ఆ పని వాళ్లే చేసేసుకున్నారన్నమాట.

ఆక్సెల్ మామూలు పెళ్లికొడుకు కాదు. 1948లో ఆల్‌బోర్గ్ పట్టణంలో ‘ఫర్బుండెట్ ఆఫ్ 1948’ అనే సంఘం పెట్టినవాడు. నేటి ‘ఎల్జీబీటీ ప్లస్ డెన్మార్క్’కు మూలం అదే. సంఘం సంగతి బయటపడ్డాక ఆయన ఉద్యోగం పోయింది. 1955లో పోలీసులు పురుషుల ఫొటోల వ్యాపారం మీద పెద్ద అశ్లీల కేసు పెట్టి విరుచుకుపడ్డప్పుడు ఇద్దరూ జైలుకెళ్లారు. సంఘం సభ్యుల్లో చాలామంది భయపడి దూరమయ్యారు. గమనించాల్సింది ఏమిటంటే, అప్పటికి డెన్మార్క్‌లో స్వలింగ సంపర్కం నేరం కాదు. 1683 నాటి చట్టం ప్రకారం నిప్పుల్లో తగలబెట్టాల్సిన నేరం, 1866లో జైలుశిక్షకు తగ్గింది. 1930లో చేసి 1933లో అమల్లోకి తెచ్చిన శిక్షాస్మృతి వయోజనుల విషయంలో దాన్నీ తీసేసింది. కానీ సమ్మతి వయసు మిగతావాళ్లకు 15 అయితే వీళ్లకు 18గా పెట్టారు. 1961లో ఇంకో చట్టం తెచ్చి, 21 ఏళ్లలోపు అబ్బాయికి డబ్బో కానుకో ఇచ్చి సంబంధం పెట్టుకున్న మగాడిని శిక్షించడం మొదలుపెట్టారు. అది నాలుగేళ్లకే రద్దయింది. జనం నోట దానికి ‘వికారపు చట్టం’ అన్న పేరు మిగిలింది. వయసు తేడా పోయింది 1976లో. జబ్బుల జాబితాలోంచి స్వలింగ సంపర్కాన్ని తీసేసింది 1981లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ కంటే తొమ్మిదేళ్లు ముందు.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. ఈ కథలో అన్నిటికంటే వింతైన మలుపు ఇక్కడే ఉంది. 1989లో అంత ముందడుగు వేసిన దేశం 1997లో వెనక్కి నడిచింది. కృత్రిమ గర్భధారణ మీద ఒక చట్టం తెచ్చి, పెళ్లయిన లేదా మగాడితో కలిసి ఉంటున్న స్త్రీకి మాత్రమే డాక్టర్లు ఆ చికిత్స చేయాలన్నారు. ఒంటరి మహిళలకూ లెస్బియన్లకూ అప్పటిదాకా తెరిచున్న తలుపు మూసేశారు. అయితే చట్టం రాసినవాళ్లు ‘డాక్టర్లు’ అని రాశారు. ఆ పదాన్ని పట్టుకుని ఒక మంత్రసాని 1999లో కోపెన్‌హాగన్‌లో క్లినిక్ తెరిచింది. నేను డాక్టర్ని కాను కదా, నాకు ఈ చట్టం వర్తించదు అంది. నిజంగానే వర్తించలేదు. దేశం నలుమూలల నుంచీ, బయటి దేశాల నుంచీ మహిళలు ఆ క్లినిక్‌కి వచ్చారు. పార్లమెంటు మూసిన తలుపు పక్కన ఒక కిటికీ ఏళ్ల తరబడి తెరిచే ఉంది. చివరికి 2006లో చట్టం మార్చి, 2007 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో కూడా ఈ చికిత్స అందరికీ ఇచ్చారు.

దత్తత ఇంకో దారిలో నడిచింది. 1999లో భాగస్వామి బిడ్డను దత్తత తీసుకోవచ్చన్నారు. కానీ ఇద్దరూ కలిసి బయటి బిడ్డను తెచ్చుకోవడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. లెస్బియన్ జంటల్లో బిడ్డను కనని తల్లికి, దత్తత కాగితాలు లేకుండానే పుట్టుక నుంచే ‘సహతల్లి’గా హోదా దొరికింది 2013 డిసెంబరులో. తేదీలన్నీ ఒక వరసలో పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఇద్దరు మగాళ్లు కలిసి ఆస్తి పంచుకుంటే సమాజానికి పోయేదేం లేదు. ఒక బిడ్డ ఇద్దరు అమ్మల ఇంట్లో పెరుగుతుందంటే మాత్రం తల్లి, తండ్రి అనే మాటలకు అర్థం ఏమిటన్న టెన్షన్ మొదలవుతుంది. డెన్మార్క్‌లోనూ అంతే.

చర్చి సంగతి డెన్మార్క్ రాజ్యాంగంతో ముడిపడి ఉంది. అక్కడి లూథరన్ చర్చిని ‘ఫోల్కెకిర్కె’, అంటే ప్రజల చర్చి అంటారు. 1849 రాజ్యాంగం దాన్ని దేశపు చర్చిగా ప్రకటించింది, దానికి విడిగా ఒక నియమావళి చట్టంగా వస్తుందని కూడా రాసింది. ఆ నియమావళి ఈ రోజుకీ రాలేదు. కాబట్టి చర్చి తరఫున మాట్లాడే సభ అంటూ లేదు. పార్లమెంటే దానికి చట్టాలు చేస్తుంది, ఒక మంత్రి దాన్ని నడిపిస్తారు. పక్కనున్న స్వీడన్‌లో 2000లో చర్చి ప్రభుత్వం నుంచి వేరుపడింది. 2009 మేలో అక్కడ పెళ్లి చట్టం మారాక, చర్చి అదే ఏడాది అక్టోబరులో తన సభలో విడిగా చర్చించుకుని ఒప్పుకుంది. నార్వేలో పెళ్లి చట్టం 2009 జనవరిలోనే వచ్చినా, చర్చి తన ప్రార్థనా విధానాన్ని మార్చుకునేసరికి 2017 అయింది. డెన్మార్క్‌లో ఆ రెండూ ఒకే ఓటింగ్‌లో తేలాయి. 1989 చట్టంలో ఉన్న తేదీ జూన్ 7. సరిగ్గా ఇరవై మూడేళ్ల తర్వాత, 2012 జూన్ 7న, పార్లమెంటు 85–24 ఓట్లతో పెళ్లినీ చర్చి పెళ్లినీ కలిపి ఆమోదించింది.

ఆ రోజు చర్చి వ్యవహారాల మంత్రి మను సరీన్. ఇండియాలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో డెన్మార్క్ వెళ్లి, ఆ దేశంలో మైనారిటీ జాతి నుంచి మంత్రి అయిన మొదటి వ్యక్తి. లూథరన్ చర్చిలో ఎవరు ఎవర్ని పెళ్లాడొచ్చో చెప్పే బిల్లును ఒక భారత సంతతి మంత్రి ముందుండి నడిపించారు. ఇది మన వాట్సాప్ గ్రూపుల్లో తిరగకపోవడం నాకు ఆశ్చర్యమే.

చట్టంలో ఒక సర్దుబాటు ఉంది. పాస్టర్‌కి మనసొప్పకపోతే స్వలింగ జంటకు పెళ్లి జరిపించనని చెప్పొచ్చు. కానీ చర్చి తలుపు మూయడానికి వీల్లేదు, ఇంకో పాస్టర్ ఆ పని చేస్తారు. హక్కు జంటది, మినహాయింపు వ్యక్తిది. దీన్నీ కొందరు విశ్వాసులు, పాస్టర్లు కోర్టుకు లాగారు, గెలవలేదు. ఈ సర్దుబాటు గొప్పదని నేను అనను. తన ఊళ్లో తనను చిన్నప్పటి నుంచీ ఎరిగిన పాస్టరే ‘నేను చేయను’ అంటే ఆ అబ్బాయికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ చట్టం గట్టెక్కడానికి ఇదొక దారి. 1989లో సిటీ హాల్లో సంతకం పెట్టిన ఆ పదకొండు జంటల్లో ఒకాయన ఈ చర్చిలోనే పాస్టర్. ఇతరుల పెళ్లిళ్లు చేసే ఆయనకు తన పెళ్లి తన చర్చిలో చేసుకునే వీలు లేదు. ఆక్సెల్ 2011 అక్టోబరులో, 96 ఏళ్ల వయసులో చనిపోయాడు. 2012 చట్టం రావడానికి ఏడు నెలల ముందు. ఐగిల్ 1995లోనే పోయాడు.

ట్రాన్స్‌జెండర్ల విషయంలో ఇదే దేశం ఇంకో రకంగా నడిచింది. డెన్మార్క్‌లో ప్రతి ఒక్కరికీ పది అంకెల వ్యక్తిగత నంబరు ఉంటుంది. బ్యాంకు, ఆసుపత్రి, జీతం అన్నీ దాని మీదే. మొదటి ఆరు అంకెలు పుట్టినతేదీ. చివరి అంకె బేసి అయితే మగ, సరి అయితే ఆడ. అంటే ఫార్మసీలో మందు కొన్నా, ఫోన్ కనెక్షన్ తీసుకున్నా మీ లింగం అక్కడ అంకెల్లో కనబడుతుంది. ఆ ఒక్క అంకె మార్చుకోవాలంటే 2014 దాకా శస్త్రచికిత్సతో సంతాన సామర్థ్యం పోగొట్టుకోవాల్సిందే. 2014 సెప్టెంబరు నుంచి 18 ఏళ్లు నిండినవాళ్లు అర్జీ పెట్టి, ఆరు నెలలు ఆగి, మళ్లీ ఖాయం చేస్తే చాలన్నారు. డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదు. యూరప్‌లో ఈ పద్ధతి మొదట తెచ్చింది డెన్మార్కే. 2017 జనవరిలో ట్రాన్స్ గుర్తింపును మానసిక రుగ్మతల జాబితాలోంచి కూడా తీసేశారు.

ఇదంతా కోపెన్‌హాగన్ కథ. డెన్మార్క్ జెండా కిందే ఉన్న ఫారో దీవుల్లో కథ వేరు. అట్లాంటిక్ మధ్యలో అర లక్ష జనాభా, చర్చి పట్టు గట్టిగా ఉన్న చోటు. 2010లో ఐస్‌లాండ్ ప్రధాని యోహన్నా సిగుర్దార్‌డొట్టిర్ తన భార్యతో కలిసి అక్కడికి అధికారికంగా వచ్చినప్పుడు, యెనిస్ ఆవ్ రానా అనే నాయకుడు వాళ్లతో విందులో కూర్చోనన్నాడు. బైబిల్‌కి విరుద్ధం అన్నాడు. ఆ మాటతో ఆయన రాజకీయ జీవితం ముగిసిపోలేదు. 2019లో ఆయనే విదేశాంగ మంత్రి అయ్యాడు. ఫారో పార్లమెంటు స్వలింగ పెళ్లిని 2016లో ఒప్పుకుంది, అదీ చర్చి పెళ్లి లేకుండా. అమల్లోకి వచ్చింది 2017లో. గ్రీన్‌లాండ్‌లో మాత్రం 2015లో ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు. ఒకే రాజ్యం, అప్పటికి ఒకే రాణి, మూడు సమాజాలు. ‘స్కాండినేవియా సంస్కృతే అంత’ అనే వాదనకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

మరి డెన్మార్క్ ప్రధాన భూభాగంలో జనం నిజంగా ఒప్పుకున్నారా? యూరోపియన్ యూనియన్ 2019లో చేయించిన సర్వేలో, యూరప్ అంతటా స్వలింగ పెళ్లిని అనుమతించాలన్నవాళ్లు డెన్మార్క్‌లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది. చట్టం వచ్చాక ఏ ఇల్లూ కూలిపోలేదని జనం కళ్లారా చూడటం ఈ మార్పులో పెద్ద పాత్ర వహించింది. ఆఫీసులో పక్క సీటువాడు, స్కూల్లో పిల్లాడి ఫ్రెండు వాళ్ల అమ్మలు, చర్చి బెంచీ మీద ముందు కూర్చున్న జంట. అభిప్రాయాలు ఇలాంటి చోట్లే మారతాయి.

కానీ సర్వేలో ‘సరే’ అనడం ఒకటి, సొంత ఇంట్లో విన్నప్పుడు ఒకటి. వలస కుటుంబాల పిల్లలకు ఇది రెండింతలు. ఇంట్లో చెబితే పరువు గొడవ, బయట రంగును బట్టి అనుమానపు చూపులు. ఇలాంటివాళ్ల కోసం 2006లో ‘సబా’ అనే సంఘం పుట్టింది. ఇంకో ఇబ్బంది రాజకీయాల నుంచి. గే హక్కుల్ని ‘మా దేశపు విలువ’గా చెప్పి, వలసవాళ్లు వెనుకబడినవాళ్లని చూపించడానికి వాడుకోవడం అక్కడ మామూలైంది. ఆ మాట అనేవాళ్లలో 2012 చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన డానిష్ పీపుల్స్ పార్టీ కూడా ఉంది. ఇది చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

డెన్మార్క్‌కి ఇంకో వ్యాపారం కూడా ఉంది. విదేశీ జంటలకు తేలిగ్గా పెళ్లి చేసే దేశంగా దానికి పేరు. దక్షిణాన ఉన్న ‘ఎరో’ (Ærø) అనే చిన్న దీవికి ఏటా వేల జంటలు వచ్చి పెళ్లి చేసుకుని వెళ్తాయి, వాటిలో స్వలింగ జంటలూ ఉంటాయి. ఇద్దరు తెలుగు అబ్బాయిలు వీసా తీసుకుని అక్కడ పెళ్లి చేసుకుంటే, యూరప్‌లో చాలాచోట్ల ఆ కాగితం పనికొస్తుంది. శంషాబాద్‌లో దిగాక మాత్రం చట్టం దృష్టిలో వాళ్లిద్దరూ స్నేహితులే. 2023 అక్టోబరు 17న ‘సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది అదే. ఆ కేసు వేసిన మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉంటున్న జంట. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జిలూ ఒప్పుకున్నారు. పెళ్లి కాకపోయినా ఏదో ఒక చట్టబద్ధ భాగస్వామ్యమైనా ఇవ్వాలా అన్న దగ్గర బెంచ్ 3–2గా చీలింది. డెన్మార్క్ పార్లమెంటు 1989లో తేల్చుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే. మన దగ్గర అది ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

తర్వాత కేంద్రం వేసిన కమిటీ నుంచి ఇప్పటిదాకా వచ్చినవి చిన్న చిన్నవి. ఎల్జీబీటీ వ్యక్తులు జాయింట్ బ్యాంకు అకౌంట్ తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో కలిసి ఉంటున్న భాగస్వాములను ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకు లేఖ వెళ్లింది. డెన్మార్క్ కూడా 1986లో వారసత్వపు పన్ను రేటు దగ్గరే మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి ఏడు సెక్షన్ల చట్టానికి వాళ్లకు పట్టింది మూడేళ్లు.